అభ్యంతరం ఎవరికి?

ఈ కథ చదువుతున్నవారిలో చాలామంది అపార్ట్‌మెంట్లలోనే ఉంటూ ఉండవచ్చు. కాబట్టి ఉదయం ఏడుగంటల వేళ అక్కడ ఎలా ఉంటుందో మీకు నేను వర్ణించి చెప్పనక్కర్లేదు.

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో శ్రీనిధి రెసిడెన్సీ అని ఎనిమిదంతస్తుల భవనం ఒకటి ఉంది. కింద వరండాలో పక్కపక్కనే రెండు లిఫ్టులు. మొదటిదాంట్లో నిలువెత్తు అద్దం, చిన్న ఫ్యాను, చల్లని తెల్లటి వెలుగు. రెండోదాని గోడలకు సామాన్లు తగిలి గీతలు పడకుండా చెక్కలు బిగించారు. ఆ ఉదయం మొదటి లిఫ్టు ఖాళీగా నిలబడి ఉంది. రెండోదాని ముందు కొంగు నడుముకు దోపుకున్న ఆడవాళ్ళు పదిమంది దాకా ఎదురుచూస్తున్నారు. లిఫ్టు దిగింది. లోపల్నుంచి తడిచెత్త డ్రమ్ములు బయటికొచ్చాయి. నీళ్ళు కారిన నేల మీద చెప్పులు జారకుండా ఆడవాళ్ళు లోపలికి సర్దుకున్నారు. పట్టనివాళ్ళు మెట్లెక్కారు. ఎవరూ ఎవర్నీ కసరలేదు. వాచ్‌మన్ అందరికీ నవ్వుతూనే నమస్కారం పెట్టాడు. అంతా సాఫీగా జరిగిపోయింది.

సాఫీగా జరిగిపోయేవాటిని మనం గమనించం. ఆ భవనంలో ఆరో అంతస్తులో ఉంటూ, సమాజశాస్త్రంలో ఎం.ఏ. చివరి సంవత్సరం చదువుతున్న కిరణ్మయి కూడా గమనించలేదు.

కిరణ్మయి తండ్రి భుజంగరావు బ్యాంకు మేనేజరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. విశ్రాంతి అని పేరే గాని, అపార్ట్‌మెంటు సంఘానికి ఆయనే కార్యదర్శి. నీళ్ళ ట్యాంకరు ఆలస్యమైనా, ఒకరి కారు చోటులో ఇంకొకరు కారు పెట్టినా ఆయన ఫోనే మోగుతుంది. ఆ మోత ఆయనకు ఇష్టం కూడా. తల్లి అలివేలు లోపల ఏమీ దాచుకోలేని మనిషి. మనసులో ఏముంటే అదే నోట్లో ఉంటుంది.

చదువు పూర్తిచేయాలంటే కిరణ్మయి ఒక పరిశోధన వ్యాసం రాసి సమర్పించాలి. నగరాల్లో మనుషులు ఒకే చోట ఉంటూ విడివిడిగా ఎలా బతుకుతారన్నది ఆమె ఎంచుకున్న అంశం. దానికోసం లైబ్రరీలో కూర్చుని ఎక్కడెక్కడి నగరాల గురించో చదివింది. దక్షిణ అమెరికాలోని ఒక మహానగరం సంగతి చదివినప్పుడు ఆమెకు నిజంగానే ఒళ్ళు మండింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అది చెప్పకుండా ఉండలేకపోయింది.

"వింటున్నారా నాన్నా? అక్కడి అపార్ట్‌మెంట్లలో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి వేరే లిఫ్టట. ఓనర్లు ఎక్కేదాంట్లో వాళ్ళు కాలు పెట్టకూడదట. ఎంత ఘోరం! దీనిమీద నేను ఒక చాప్టరే రాస్తున్నాను."

భుజంగరావు "అవునవును, ఘోరమే" అంటూ పప్పులో నెయ్యి కలుపుకున్నాడు.

అలివేలు మాత్రం తృప్తిగా తలాడించింది. "అయితే అక్కడా మనలాగే పద్ధతిగా ఉంటారన్నమాట" అంది.

కిరణ్మయి ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. "మనలాగే అంటే ఏంటమ్మా?"

"మనకీ వేరేదే కదే! నంజమ్మా వాళ్ళందరూ ఆ రెండో లిఫ్టులోనే కదా వచ్చేది?"

అలివేలు మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. కూతురు మొహం ఎందుకు ఎర్రబడిందో తెలియక పెరుగు గిన్నె ముందుకు జరిపింది.

మర్నాడు కిరణ్మయి తన గైడు శశికళ గది తలుపు తట్టింది. శశికళ కోలారు వైపు మనిషి. పాఠం ఇంగ్లీషులో చెప్పినా, మనసు విప్పి మాట్లాడాలంటే తెలుగులోకి వచ్చేస్తుంది. భోజనాల దగ్గర జరిగింది విని ఆవిడ పగలబడి నవ్వింది.

"మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. ఇన్నాళ్ళుగా నేను చెప్పలేకపోయింది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది."

"అయితే నేను చదివిందంతా పక్కన పెట్టెయ్యాలా మేడమ్?"

"ఎందుకు పెట్టాలి? ఆ దూరదేశం సంగతి చదవబట్టే కదా మీ అమ్మ మాట నీ చెవిన పడింది. చదివింది దగ్గర పెట్టుకో. రాసేది మాత్రం మీ బిల్డింగు గురించి రాయి."

పక్కన కూర్చున్న క్లాస్‌మేట్ రియాజ్ నవ్వాపుకోలేకపోయాడు. "లిఫ్టు మీద ఎం.ఏ.నా? నువ్వు పైకొచ్చేసినట్టే కిరణ్!"

కిరణ్మయికి కూడా లోపల అదే సందేహం. "ఒక్క అపార్ట్‌మెంటు మరీ చిన్నదైపోదా మేడమ్?" అని అడిగింది.

"చిన్నదో పెద్దదో చూసొచ్చాక తెలుస్తుంది. ముందు మూడు మాటలు గుర్తుపెట్టుకో. అడగకుండా ఎవరి గురించీ రాయకు. అందరి పేర్లూ మార్చు. ఆ పనిచేసే ఆవిణ్ణి మీ వంటింట్లో, మీ అమ్మ ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు వెయ్యకు. అక్కడ ఆవిడకి కాదనే వీలుండదు."

తండ్రి అనుమతి సులువుగానే దొరికింది. మన అపార్ట్‌మెంటు పేరు యూనివర్సిటీదాకా వెళ్తుందని భుజంగరావు మురిసిపోయాడు. "అలాగే మనం తవ్వించిన ఇంకుడు గుంతల గురించి కూడా ఒక పేరా రాయి" అన్నాడు.

నంజమ్మది బాగేపల్లి వైపు పల్లె. భర్తా ఆమే కలిసి చాలా ఏళ్ళ కిందట బెంగళూరు చేరుకున్నారు. శ్రీనిధి రెసిడెన్సీలో కిరణ్మయి వాళ్ళిల్లు కలిపి మూడిళ్ళలో పనిచేస్తుంది. కిరణ్మయి గైడు చెప్పినట్టే ఆమెను ఇంట్లో అడగలేదు. కింద పార్కింగులో ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఒప్పుకుంటేనే చెప్పమని, లిఫ్టు గురించి అడిగింది.

"మాకేమి కష్టం పాపా? అంతా బాగుండాది. మీ నాయనైతే దేవుడట్లాంటోడు" అంది నంజమ్మ కుర్చీ అంచున కూర్చుని.

ఇంకా నలుగురిని అడిగితే నలుగురూ అదే మాట. కిరణ్మయి చిన్నబోయి ఆ సంగతి గైడుకు చెప్పింది. "వాళ్ళు మాట్లాడింది సెక్రటరీగారి అమ్మాయితో. నువ్వింకా వాళ్ళకు కనబడలేదు" అంది శశికళ.

ఆ మర్నాటినుంచి కిరణ్మయి కాలేజీకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండో లిఫ్టే ఎక్కడం మొదలుపెట్టింది. చెత్త డ్రమ్ముల పక్కన నిలబడింది. ఒకరోజు పాత సోఫాకూ గోడకూ మధ్య ఇరుక్కుపోతే, పనివాళ్ళంతా కలిసి లాగితేగాని బయటికి రాలేకపోయింది. ఎదురింటివాళ్ళు "మన లిఫ్టు పాడైందా?" అని అడిగారు. మొదట్లో ఆమెను చూడగానే ఆడవాళ్ళు మాటలాపేసేవారు. కొన్నాళ్ళకు ఆపడం మానేశారు. ఇంకొన్నాళ్ళకు మధ్యాహ్నం వాళ్ళు గేటు బయట టీ బండి దగ్గర చేరినప్పుడు "రా పాపా, కూసో" అని పిలవసాగారు.

అక్కడ విన్నది వేరే కథ. లిఫ్టు ఆలస్యం వల్ల ఒకింట్లో మాటపడాలి. మాట తప్పించుకోవాలంటే మెట్లెక్కాలి. అందరికన్నా సరదాగా చెప్పింది నంజమ్మే.

"మూడో అంతస్తులో బేబీ అమ్మగారింట్లో కుక్క ఉండాది కదా, సాయంత్రం దాన్ని తిప్పేది నేనే. ఆ యమ్మ సంఘంలో గలాటా చేసి కుక్కకు పెద్ద లిఫ్టు ఇప్పించుకునింది. ఇప్పుడు కుక్క నా చేతిలో ఉంటే పెద్ద లిఫ్టులో పోవచ్చు. దాన్ని ఇంట్లో ఇడిసిపెట్టి వచ్చినానంటే, మళ్ళా ఈ లిఫ్టుకాడికే రావల్ల. అంటే చూడు పాపా, పాసు కుక్క దగ్గర ఉండాది, నాకాడ లేదు!"

టీ బండి చుట్టూ నవ్వులు పొంగాయి. కిరణ్మయి కూడా నవ్వింది. ఆ రోజు ఇంటికి వెళ్ళి ఆ మాట రాసుకుంటున్నప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

"ఇది నేను రాయొచ్చా నంజమ్మక్కా? పేరు మార్చే రాస్తాను" అని మర్నాడు అడిగింది.

"మార్చేదుంటే మంచి పేరు పెట్టు తల్లీ. మా అవ్వ పేరని నాకు నంజమ్మ అని పెట్టిరి. బళ్ళో రాధిక అని ఒక పిల్ల ఉండె. ఆ పేరంటే నాకు భలే ఆశ. రాధిక అని రాయి" అంది నంజమ్మ సిగ్గుపడుతూ.

తరువాత కిరణ్మయి ఇళ్ళవాళ్ళను కలవడం మొదలుపెట్టింది. అసలు ఈ నియమం ఎప్పుడు వచ్చిందని అడిగితే ముందు ఎవరికీ గుర్తురాలేదు. అడగగా అడగగా తేలింది. కరోనా రోజుల్లో భయంతో, బయటినుంచి వచ్చేవాళ్ళకు ఒక లిఫ్టు, లోపల ఉండేవాళ్ళకు ఒక లిఫ్టు అని విడగొట్టారు. అప్పుడు నోటీసు రాసింది భుజంగరావే. జబ్బు పోయింది, మాస్కులు పోయాయి. లిఫ్టు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇంకా విచిత్రమైన సంగతి ఆ తరువాత బయటపడింది. సంఘం అధ్యక్షుడు మునినారాయణప్ప ఆ భవనం లేచిన చోట ఒకప్పుడు రాగులు పండించిన కుటుంబంవాడు. ఆయన అన్నాడు: "నాకేమి తొందర ఉండాది పాపా? చేన్లో కూలోళ్ళతో కూసోని ముద్ద తినినోణ్ణి నేను. ఈ సాఫ్ట్‌వేరు వాళ్ళే ఒప్పరు." తొందర అంటే ఇక్కడి పాత తెలుగువాళ్ళ మాటలో ఇబ్బంది అని అర్థం.

సాఫ్ట్‌వేరువాళ్ళను అడిగితే, "మాకు నో ఇష్యూ అండీ, పెద్దవాళ్ళు ఫీలవుతారు" అన్నారు. బేబీ గారు, "నాకేం పర్వాలేదమ్మా, రెండో అంతస్తు వాళ్ళకి పట్టింపులెక్కువ" అంది. రెండో అంతస్తువాళ్ళు అద్దెకుండేవాళ్ళ వైపు చూపించారు. అద్దెకుండేవాళ్ళు సొంతదారుల వైపు చూపించారు. అలివేలు, "నాదేముంది, మీ నాన్న ఒప్పుకోరు" అంది.

చివరికి భుజంగరావు వంతు వచ్చింది. కూతురే కదా అనుకోకుండా ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గొంతు సవరించుకుని హాల్లో కూర్చున్నాడు. "వ్యక్తిగతంగా నాకు ఎలాంటి అభ్యంతరమూ లేదు. కానీ సభ్యుల మనోభావాలు అని ఒకటుంటాయి కదా" అన్నాడు.

ఒక భవనం నిండా మనుషులు. అభ్యంతరం ఉన్నది మాత్రం ఎప్పుడూ పక్కింటివాళ్ళకే. కిరణ్మయి ఆ రోజు శశికళ గదిలోకి దాదాపు పరిగెత్తుకుంటూ వెళ్ళింది. "మేడమ్, ఆ నియమం ఎవరిదీ కాదు! అందరూ దాన్ని ఇంకొకరి కోసమే కాపాడుతున్నారు!"

శశికళ కళ్ళజోడు తీసి ఆమెను చూసింది. "ఇది నువ్వు చదివిన పుస్తకాల్లో ఉందా?"

"లేదు."

"ఇంక రాయి" అంది.

వ్యాసం పూర్తయ్యాక శశికళ ఇంకొక మాట చెప్పింది. యూనివర్సిటీకి ఇచ్చే ముందు, తమ మాటలు చెప్పిన మనుషులకు చూపించాలి. కిరణ్మయి దాని సారాంశాన్ని తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో రాసి ఇంటింటికీ ఇచ్చింది. టీ బండి దగ్గర తనే చదివి వినిపించింది. పేర్లన్నీ మార్చింది కాబట్టి ఎవరికీ ఏమీ కాదని నమ్మింది.

ఆమె చదువుకున్న చదువులో ఒక చిన్న సంగతి లేదు. ఒకే భవనంలో ఉండేవాళ్ళకు పేర్లతో పనిలేదు.

"మూడో అంతస్తులో కుక్క ఉన్న సులోచన ఎవరు? కుక్క ఉన్నది నాకే కదా!" అని బేబీ గారు మండిపడింది. "చేన్లో ముద్ద తినింది ఈడ నేనొక్కడినే. రామన్న అని రాస్తే తెలీదా?" అని మునినారాయణప్ప భుజంగరావుకు ఫోన్ చేశాడు. "ఏమప్పా, మన ఇంటి గలాటా యూనివర్సిటీ దాకా పోవల్నా?" సంఘంవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఆ రోజంతా ఆగకుండా మోగింది. వ్యాసం వెనక్కి తీసుకోవాలని, ఆదివారం సమావేశం పెట్టాలని తీర్మానించారు.

భుజంగరావు ఇంట్లో కూతురితో మాట్లాడటం మానేశాడు. ఒక్కసారి మాత్రం, "ఆరడుగుల మనిషికి వామనరావు అని పేరు పెడతావా?" అన్నాడు. అందులో కోపమెంతో, ఉక్రోషమెంతో ఆయనకే తెలియదు.

అది భరించవచ్చు. భరించలేనిది వేరే జరిగింది. రాధిక ఎవరో కనిపెట్టిన బేబీ గారు, రేపటినుంచి పనికి రావద్దని నంజమ్మతో చెప్పేసింది.

ఆ కబురు కిరణ్మయి చెవిన పడింది. మంచి చేస్తున్నాననుకుని ఒక మనిషి పని పోగొట్టింది. దక్షిణ అమెరికా గురించి రాసి ఉంటే ఎవరికీ ఏ నష్టమూ జరిగేది కాదు. గేటు బయట నంజమ్మను కలుసుకుని, "తప్పు నాదే అక్కా. నీ మాటలన్నీ తీసేస్తాను. ఈ వ్యాసమే వద్దు, పాత చాప్టరే ఇచ్చేస్తాను" అంది.

నంజమ్మకూ కోపం ఉంది, భయమూ ఉంది. "నేను ఇంటికి పోయి ఆలోచన చేసి చెప్తాను" అని వెళ్ళిపోయింది.

మర్నాడు తనే కిరణ్మయిని వెతుక్కుంటూ వచ్చింది. "పాపా, నువ్వు నా మాట తీసేస్తే నేను అబద్ధం చెప్పినట్టు అయితాది కదా. నేను చెప్పింది నిజమే. అది ఉండనీ. ఒకటి మాత్రం తీసెయ్."

"ఏది?"

"నాకు మోకాళ్ళు నొప్పి అని రాసినావే, అది. అది చదివితే కొత్తింటివాళ్ళు పనికి పిలవరు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది నంజమ్మే.

కిరణ్మయి ఆ వాక్యం తీసేసింది. ఇంకే వాక్యం ఎవరికి నష్టం చేస్తుందోనని మొదటినుంచి మళ్ళీ చదివింది. పేర్లు మారిస్తే చాలదని అప్పుడు ఆమెకు తెలిసింది.

ఇంతలో ఇంట్లో మరొకరు కూడా ఆ సారాంశం చదువుతున్నారు. భుజంగరావుది బ్యాంకు మనిషి బుద్ధి. ఏ కాగితాన్నీ సగంలో వదలడు. కోపంగా మొదలుపెట్టినా, తన మాట దగ్గరికి వచ్చాక ఆగిపోయాడు. "వ్యక్తిగతంగా నాకు అభ్యంతరం లేదు, కానీ సభ్యులు..." దాని కిందనే ఇంకొకరి మాట, దాని కింద మరొకరిది. అందరూ తనలాగే మర్యాదగా మాట్లాడారు. అందరూ తనలాగే తప్పించుకున్నారు. తను ఎవరి మనోభావాల కోసం ఇన్నాళ్ళూ ఆ నియమాన్ని కాపలా కాస్తున్నాడో, ఆ మనుషులు ఆ పేజీలో ఎక్కడా లేరు. ఎదురుగా ఇల్లు తుడుస్తున్న నంజమ్మ కనబడింది. ఇన్నేళ్ళుగా చూస్తున్న మనిషే. ఆమె ఇంత హాస్యంగా మాట్లాడుతుందని ఆయనకు ఆ కాగితం చదివేదాకా తెలియదు.

ఆదివారం ఉదయం కింద హాలు కిక్కిరిసిపోయింది. ఇంతమంది ఎప్పుడూ సమావేశానికి రాలేదు. అలివేలు నంజమ్మను వెంటబెట్టుకుని వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా ఒక కుర్చీ లాగి తన పక్కనే కూర్చోబెట్టింది. ఎవరో ఏదో అనబోయి ఊరుకున్నారు. కిరణ్మయి గోడకానుకుని నిలబడింది.

మునినారాయణప్ప లేచి, "సుమ్మనే, నెమ్మదిగా ఉండే చోట ఎందుకప్పా ఈ గలాటా? ఆ పాప రాసింది వాపసు తీసుకుంటే సరిపోతాది" అని కూర్చున్నాడు. చాలామంది తలలూపారు. ఇక కార్యదర్శి తీర్మానం చదవాలి.

భుజంగరావు లేచాడు. చేతిలో తీర్మానం లేదు.

"మా అమ్మాయి రాసినదాంట్లో వామనరావు అని ఒకాయన ఉన్నాడు. సభ్యులకు అభ్యంతరం అన్నాడాయన" అన్నాడు. తరువాత నిటారుగా నిలబడి, "ఆ వామనరావును నేనే" అన్నాడు.

ఆయన పొడుగు చూసి వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"కరోనాలో ఆ నోటీసు రాసింది నేను. అప్పుడు అది అవసరం. తరువాత తియ్యాల్సింది కూడా నేనే, తియ్యలేదు. మీకు అభ్యంతరమని అనుకున్నాను. మిమ్మల్ని ఒక్కసారైనా అడగలేదు. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. మన ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు మన లిఫ్టులో వస్తే, అభ్యంతరం ఉన్నవాళ్ళు దయచేసి చెయ్యెత్తండి."

అందరూ మెడలు తిప్పి, ఎవరు చెయ్యెత్తుతారా అని చూశారు. మునినారాయణప్ప సాఫ్ట్‌వేరువాళ్ళను చూశాడు. వాళ్ళు ఆయన్ను చూశారు. రెండో అంతస్తు మూడో అంతస్తును చూసింది. మనసులో అభ్యంతరం ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు లేకపోలేదు. కానీ అది తమ మొహంతో, తమ పేరుతో చెప్పడానికి వాళ్ళకూ చెయ్యి లేవలేదు.

చివరికి ఒక చెయ్యి లేచింది. అది బేబీ గారిది.

ఆమె లేచి నిలబడి, "అభ్యంతరం చెప్పడానికి కాదు" అంది. "ఆ సులోచనను నేనే. అది చదివి ముందు కోపం వచ్చింది. తరువాత మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన నవ్వాడు. ఆయన నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. కుక్కకి లిఫ్టు కావాలని నేను ఈ హాల్లోనే గంటసేపు పోట్లాడాను. దాన్ని పట్టుకుని నడిచే మనిషి సంగతి నాకు తట్టనే లేదు."

మునినారాయణప్ప కుర్చీలో కదిలాడు. "సరి, నేనూ చెప్తాను. రామన్న నేనే. సాఫ్ట్‌వేరు వాళ్ళు ఒప్పరని సుమ్మనే, ఊరికే అంటి. వాళ్ళను నేనూ అడగలేదప్పా."

ఆ తరువాత హాల్లో నవ్వులే నవ్వులు. ఒక్కొక్కరూ లేచి, ఫలానా పేరుతో ఉన్నది మేమేనని ఒప్పుకోవడం మొదలుపెట్టారు. తమకు ఇచ్చిన పేరు నచ్చలేదని ఇద్దరు కిరణ్మయితో జగడానికి దిగారు. అందరూ అయ్యాక నంజమ్మ మెల్లగా లేచి, "రాధికను నేను" అంది.

"అది అందరికీ తెలుసు!" అని హాలంతా ఒక్కసారిగా అంది. నంజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది.

చెత్త డ్రమ్ములూ, పెద్ద సామాన్లూ రెండో లిఫ్టులో, మనుషులు ఎవరైనా ఏ లిఫ్టులోనైనా అని ఆ రోజే తీర్మానం రాశారు. మర్నాటినుంచే అందరూ మొహమాటం లేకుండా పెద్ద లిఫ్టు ఎక్కేశారని చెబితే అబద్ధమవుతుంది. కొన్ని రోజులు ఆడవాళ్ళే వెనకాడారు. మొదటిసారి అద్దం ముందు నిలబడినప్పుడు ఎక్కడ చూడాలో తెలియక నేల చూపులు చూశారు. లోపల ఉన్నవాళ్ళు కాస్త జరిగి "రండి రండి" అనడం నేర్చుకోవడానికి కూడా కొంత కాలం పట్టింది.

బేబీ గారు సమావేశమైన మర్నాడే నంజమ్మ ఇంటికి స్వయంగా వెళ్ళి పిలిచింది. నంజమ్మ పదిరోజులు బెట్టు చేసి గాని వెళ్ళలేదు. "ఆ యమ్మ కోసం కాదు పాపా. నేను పోకుంటే ఆ కుక్క కూడు ముట్టడం లేదంట" అని కిరణ్మయితో చెప్పింది. అందులో కుక్క వంతు ఎంతో మనకు తెలియదు.

వ్యాసం సమర్పించాక యూనివర్సిటీలో దానిమీద చర్చ జరిగింది. కొత్తగా చేరిన విద్యార్థులు కూడా వినడానికి వచ్చారు. వెనక వరసలో భుజంగరావు, అలివేలు, నంజమ్మ కూర్చున్నారు. వేరే ఊరినుంచి పరీక్షకుడిగా వచ్చిన ప్రొఫెసర్ కాగితాలు తిరగేసి, "బాగుందమ్మా. కానీ ఒకే ఒక్క భవనం. దీన్నిబట్టి లోకం గురించి ఏం చెప్పగలవు?" అని అడిగాడు.

"లోకం గురించి ఏమీ చెప్పలేను సార్" అంది కిరణ్మయి. " మా పక్క భవనం గురించి కూడా చెప్పలేను. అక్కడ కారణాలు వేరే ఉండొచ్చు, అక్కడికి వెళ్ళి అడగాల్సిందే. కానీ అడిగితే ఏం జరుగుతుందో మా భవనంలో చూశాను. అడగడం వల్ల ఒకరికి కష్టం కూడా వచ్చింది. అదీ ఇందులో రాశాను. దూరంగా ఉండి రాసుంటే ఈ రెండూ నాకు తెలిసేవి కావు."

పరీక్షకుడు వెనక వరస వైపు చూశాడు. "మీరేమంటారమ్మా? ఈ అమ్మాయి రాసింది సరిగ్గానే ఉందా?"

తననే అడుగుతున్నాడని నంజమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. లేచి నిలబడి, "సరిగ్గానే రాసింది సారూ. తప్పు రాసిందానికి జగడం చేసి మార్పించినాము" అంది.

గది నవ్వులతో నిండిపోయింది. పరీక్షకుడు కూడా నవ్వుతూ సంతకం పెట్టాడు. రియాజ్ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టి, తన వ్యాసం కోసం చిక్కపేట బజారు హమాలీలను కలవాలని, ఎవరైనా తెలిసినవాళ్ళున్నారా అని నంజమ్మనే అడిగాడు.

అందరూ లేచే ముందు శశికళ కొత్త విద్యార్థుల వైపు తిరిగింది.

"మీరు ఏ దేశం పుస్తకమైనా చదవండి. చదవకపోతే మన చుట్టూ ఉన్నది మనకు కనబడదు. కానీ రాయడానికి కూర్చునే ముందు మీ వీధిలోకి, మీ మెట్లమీదికి, మీ వంటింట్లోకి ఒకసారి వెళ్ళిరండి. అక్కడి మనుషులు మీరు రాసింది చదువుతారు, నచ్చకపోతే మీ ఇంటికొచ్చి నిలదీస్తారు. దానికి భయపడకండి. మనం ఎవరి గురించి రాస్తామో వాళ్ళు మనల్ని నిలదీయగలిగినప్పుడే, మన చదువు వాళ్ళకూ మనకూ పనికొస్తుంది."